రెల్లి వీధి పిల్లనని చెప్పే వస్తాను

భారతదేశంలోని యూదు సమాజ పెద్దలకు, నా గియూర్ (యూదు మతంలో చేరడం) విషయం తేల్చడానికి కూర్చోబోయే ముగ్గురు రబ్బీలకు (యూదు మత గురువులకు) విశాఖపట్నం నుంచి రాస్తున్న బహిరంగ లేఖ

పెద్దలకు షాలోమ్, నమస్కారం.

నాకు ముప్పై నాలుగేళ్ళు. నాలుగేళ్ళుగా యూదు ధర్మం నేర్చుకుంటున్నాను. విశాఖలో సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, లేదు కాబట్టి పాఠాలన్నీ ఫోన్లోనే. హీబ్రూ కూడబలుక్కుని చదవగలను. శుక్రవారం పొద్దుగూకడానికి పద్దెనిమిది నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తాను. డిసెంబరులో అయితే మా కొండల వెనక అయిదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు, ఆఫీసులో ముందే చెప్పుకుని పరిగెత్తుకుంటూ ఇంటికి రావాలి. వీటిలో ఏదీ నాకు భారంగా అనిపించలేదు.

పోయిన నెల మీలో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆయన హిందీలో, నేను వచ్చీరాని హిందీలో గంటసేపు మాట్లాడుకున్నాం. ఏం చదివానో అడిగారు, శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం షబ్బాత్‌ని ఎలా పాటిస్తున్నానో అడిగారు, సంతోషించారు. పెట్టేసే ముందు ఒక మాట చెప్పారు. "కులం సంగతి ఎత్తకమ్మా. ఆంధ్రా అమ్మాయినని చెప్పు, చాలు. మీ పెద్దవాళ్ళు ఎప్పుడో ఇజ్రాయేలు నుంచి వచ్చామని చెప్పుకునేవాళ్ళని రాస్తే ఇంకా మంచిది, పని తొందరగా అవుతుంది" అన్నారు.

ఆయన నా మేలు కోరే చెప్పారు. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట నాకు కొత్తది కాదు. అద్దె ఇంటి కోసం వెతికేటప్పుడు మా అమ్మ చెప్పిన మాట అది. కాలేజీ హాస్టల్లో దించి వెళ్తూ మా నాన్న చెప్పిన మాట అది. దేవుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు కూడా అదే మాట వినాల్సి వస్తుందని నేను అనుకోలేదు. అందుకే ఈ ఉత్తరం, అదీ అందరి ముందూ.

మేము రెల్లివాళ్ళం. ఉత్తరాంధ్ర బయట చాలామంది ఈ పేరు విని ఉండరు. ఒడిశా వైపు నుంచి వచ్చి ఈ తీరంలో స్థిరపడ్డవాళ్ళం, మా ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఇప్పటికీ ఒడియా కలిసిన మాట మాట్లాడతారు. విశాఖ వన్ టౌన్‌లో రెల్లి వీధి అని మా పేరు మీద ఒక వీధే ఉంది. మాలో ఆడవాళ్ళు చాలామంది పళ్ళూ ఆకుకూరలూ అమ్మారు, మగవాళ్ళు చాలామంది మున్సిపాలిటీలో ఊరు శుభ్రం చేశారు. మా నాయనమ్మ పూర్ణా మార్కెట్ దగ్గర పళ్ళ గంప పెట్టుకునేది. మా నాన్న ముప్పై ఏళ్ళు పారిశుద్ధ్య కార్మికుడిగా చేసి రిటైరయ్యారు. ఆయన సబ్బుతో ఎంత తోముకున్నా గోళ్ళ సందుల్లోంచి పోని ఆ నలుపు నేను చదువుకున్న ప్రతి పుస్తకం వెనకా ఉంది.

యూదు ధర్మం వైపు నన్ను లాగింది ఏమిటో మీరు ఎలాగూ అడుగుతారు. ఇప్పుడే చెప్తాను.

మా అమ్మ చర్చికి వెళ్తుంది. నాయనమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర గురువారాలు చేస్తుంది. ఇంట్లో రెండూ ఉన్నాయి, గొడవ లేదు. అమ్మ తెలుగు బైబిల్లో నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన భాగం నిర్గమకాండం, ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలుగా ఉన్న జనం బయటపడ్డ కథ. అది ఎవరి కథో వాళ్ళు దాన్ని ఎలా చెప్పుకుంటారో తెలుసుకోవాలని వెతుక్కుంటూ వెళ్తే, ఆ విడుదలను తలుచుకునే పస్కా పండుగ రాత్రి దగ్గర ఆగాను. పస్కా రాత్రి ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లో పిల్లవాడో లేచి, ఈ రాత్రికి ఎందుకింత ప్రత్యేకత అని అడుగుతారు. బల్ల చుట్టూ కూర్చున్న పెద్దవాళ్ళు, "మేము ఐగుప్తులో ఫరోకు బానిసలం" అని జవాబు మొదలుపెడతారు. "మా తాతముత్తాతలు" అనరు, "మేము" అంటారు. చేదు ఆకు ఎదురుగా పెట్టుకుని మరీ అంటారు.

అది చదివిన రోజు నేను ఆఫీసు బస్సులో ఉన్నాను. మద్దిలపాలెంలో దిగాల్సినదాన్ని, దిగలేదు. చివరి స్టాపు దాకా అలా కూర్చుండిపోయాను. మా ఇంట్లో "మీరేవుట్లు?" అని ఎవరైనా అడిగితే గొంతులు తగ్గిపోతాయి. పిల్లలు అడిగితే మాట మార్చేస్తాం. తాము బానిసలమన్న మాటని దాచుకోకుండా, దాన్నే పండుగ చేసుకుని, మూడు వేల ఏళ్ళుగా పిల్లలకు అప్పజెప్పుతున్న జనం ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆ బల్ల దగ్గర నాకు చోటు కావాలనిపించింది. మీరు ఇప్పుడు నన్ను ఆ బల్ల దగ్గరికి పిలుస్తూ, నేను ఎవరి బిడ్డనో మాత్రం బయట వదిలి రమ్మంటే నేను దేనికోసం వస్తున్నట్టు?

ఇజ్రాయేలు గోత్రాల కథ గురించి కూడా చెప్పాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని మన తెలుగువాళ్ళే కొన్ని కుటుంబాలు యూదులుగా బతుకుతున్నారు. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. తాము ఎఫ్రాయిము గోత్రంవాళ్ళమని వాళ్ళు చెప్పుకుంటారు, మూడు దశాబ్దాలకు పైగా సినగాగు నడుపుకుంటున్నారు. ఒక షబ్బాత్‌కి నేను అక్కడికి వెళ్ళాను. తెలుగు నోళ్ళ నుంచి "షబ్బాత్ షాలోమ్" అని మొదటిసారి విన్నది అక్కడే. వాళ్ళ కథ వాళ్ళది, దాన్ని గౌరవిస్తాను. కానీ మా నాయనమ్మ ఎప్పుడూ అలాంటి కథ చెప్పలేదు. ఆవిడ చెప్పిన కథలన్నీ కరువులవీ, నడకలవీ. ఊరి బావి గట్టు ఎక్కనివ్వక, పైనుంచి ఎవరో దోసిట్లో పోస్తే తాగిన నీళ్ళవీ. నా పని తొందరగా అవ్వాలని లేని వంశాన్ని రాస్తే ఆ దోసిలి పట్టిన చేతులు ఎవరివి అనాలి? మీ ధర్మం బయటివాళ్ళని దత్తుగా రానిస్తుంది. దొంగ వంశవృక్షం అక్కర్లేకుండానే రానిస్తుంది. ఆ దారినే రానివ్వండి.

ఇంట్లో అన్నిటికంటే పెద్ద గొడవ తిండి దగ్గర వచ్చింది. విశాఖలో పుట్టి రొయ్యలు మానేయడం ఎంత కష్టమో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. పీతలూ మానేశాను, సావడాయిలూ మానేశాను. హార్బర్ నుంచి పండుగప్ప తెస్తే నాయనమ్మ గుమ్మంలో కత్తిపీట వేసుకుని, తోక వైపు నుంచి తల వైపుకి గీరుతూ ఉంటే నేను పక్కన కూర్చుని చూస్తాను. యూదు నియమం ప్రకారం చేప తినాలంటే చర్మం చిరగకుండా పొలుసు ఊడి రావాలి, రెక్క ఉండాలి. ఆవిడ ఒక పొలుసు తీసి నా అరచేతిలో పెట్టి, "ఇదిగో నీ దేవుడి సీటీ" అంటుంది. అంతవరకూ బాగానే ఉంది. పంది మాంసం మానేశానని చెప్పిన రోజు మాత్రం కత్తిపీట మీంచి లేచిపోయింది. "మనం తిన్నదాన్ని సూసే గదే ఊరోళ్ళు మనల్ని దూరం ఎట్టినారు. ఇప్పుడు నువ్వూ అదే మాటంతావేటి?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. చాలా రోజులు లేదు. శుద్ధి కోసం మునగాల్సిన నీళ్ళ గురించి, అంటే మిక్వే గురించి చదువుతున్నప్పుడూ అదే భయం పట్టుకుంది. మునక, శుద్ధి, అశుద్ధం. మైల అనే మాట కింద నలిగిపోయినవాళ్ళం, మళ్ళీ కోరి కోరి మైల ఉన్న చోటికే వెళ్తున్నానా అని. ఈ ప్రశ్నను మీ పుస్తకాల్లో పుట్టినవాళ్ళు ఇలా అడిగి ఉండరు. ఒక దళిత ఆడపిల్లకి మాత్రం ఇదే మొదటి ప్రశ్న.

నాకు దొరికిన జవాబు ఇది. తప్పయితే దిద్దండి. లేవీయకాండం పదకొండో అధ్యాయంలో పంది "మీకు" అపవిత్రం అని ఉంది. మీకు. ఆ నియమం పెట్టుకున్నవాళ్ళకి అని. తినే మనిషి అంటరానివాడని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఇక తోరా, అంటే మోషే అయిదు కాండాలు, చెప్పే అశుద్ధి ఒక స్థితి. శవాన్ని ముట్టుకున్నా, బిడ్డను కన్నా వస్తుంది, నీళ్ళతోనూ కాలంతోనూ పోతుంది. ప్రధాన యాజకుడికీ వస్తుంది. పుట్టుకతో వచ్చి చచ్చేదాకా వదలనిది, తండ్రి నుంచి బిడ్డకి ఆస్తిలా వచ్చేది కాదు. ఈ తేడా నాయనమ్మకి చెప్పాను. మొత్తం వినింది. "మరయితే నా కంచం పక్కన కూకుని తింతావా?" అని అడిగింది. నా కంచం నాదే, నా కూర నాదే, కానీ ఆవిడ పక్కనే కూర్చుని తిన్నాను. ఇప్పటికీ అలాగే తింటున్నాం. ఆవిడ వంటింట్లో అపవిత్రం అనే మాట నా నోట రాదు, గియూర్ అయ్యాక కూడా రాదు. తనకు నిషిద్ధమైనది తినేవాళ్ళను తక్కువగా చూసే హక్కు కూడా మతంతో పాటు వస్తుందనుకునేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, నన్ను ఇప్పుడే వెనక్కి పంపేయండి. మూడుసార్లు తిప్పి పంపడం మీ ఆనవాయితీయే అని చదివాను.

రెండేళ్ళ క్రితం ఒక మహానగరంలో ఒక సినగాగుకి వెళ్ళాను. ముందే మెయిల్ పెట్టి, ఆధార్ కాపీ పంపి, రమ్మన్నాకే వెళ్ళాను. 2008లో ముంబైలో యూదుల కేంద్రం నారిమన్ హౌస్ మీద దాడి జరిగాక గేటు దగ్గర గట్టిగా అడుగుతారు, అడగాలి కూడా. గేటు దగ్గరున్నతను నా ముఖం చూశాడు, పేపర్లు చూడలేదు. "క్లీనింగ్‌వాళ్ళు వెనక గేటు" అన్నాడు. ఆ పని నాకు అవమానం కాదు, ఆ జీతంతోనే నేను చదువుకున్నాను. కానీ నా రంగు చూసి ఆ గేటు ఏదో అతను తేల్చేశాడు, అదే నా గొంతు పట్టేసింది. పేపర్లు చూపించి లోపలికి వెళ్ళాక ఒక ముసలామె తన పక్కన కుర్చీ లాగింది. ప్రార్థన పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టి, ఎక్కడ చదువుతున్నారో వేలు పెట్టి చూపించింది. పేజీ తిరిగినప్పుడల్లా ఆ వేలు వచ్చేది. గోరు చివర పసుపు మరక ఉంది, మా అమ్మ గోటికి ఉన్నట్టే. ఒక్క ప్రశ్న అడగలేదు. పెద్దలారా, ఆ గేటూ మీదే, ఆ వేలూ మీదే. నేను ఎటువైపు వస్తున్నానో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ఈ రంగు గొడవ నేనేదో బయటి నుంచి మోసుకొస్తున్నానని అనుకోవద్దు. మీ ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగులో, విడుదలైన బానిసల సంతతి అన్న పేరుతో కొన్ని కుటుంబాలను మిగతావాళ్ళతో సమానంగా కూర్చోనివ్వలేదు. ఆ కుటుంబాల్లో పుట్టిన లాయరు ఏ.బి. సేలం, గాంధీగారి సత్యాగ్రహాన్ని ఆ సినగాగులోకే తీసుకెళ్ళాడు. అందుకే ఆయన్ని యూదు గాంధీ అన్నారు. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయేలు అనే యూదు సమాజం పెద్దలు గానుగ ఆడించి బతికారు, శనివారం పని చెయ్యరు కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు వాళ్ళను శనివారపు తేలీలు (గానుగవాళ్ళు) అన్నారు. ఊరు మీకు కూడా ఒక కులం పేరు పెట్టింది! అయినా ఆ సమాజం లోపలే తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు అని రెండు వరుసలు ఉండేవి. వాళ్ళే ఇజ్రాయెల్ వెళ్ళాక, 1960ల మొదట్లో, పెళ్ళిళ్ళ దగ్గర వాళ్ళ వంశాన్ని ఆరా తీయాలని అక్కడి రబ్బీలు అన్నారు. ధర్నాలు చేస్తే గానీ, 1964లో అక్కడి పార్లమెంటు మాట్లాడితే గానీ ఆ గొడవ చల్లారలేదు. ఇథియోపియా యూదులు దానం చేసిన రక్తాన్ని వాడకుండా పారబోశారని 1996లో బయటపడింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా ఊరి బావి గుర్తొచ్చింది.

ఇవన్నీ తెలిసే వస్తున్నాను. ఎందుకు వస్తున్నానంటే, ఇవి తప్పు అని చెప్పడానికి మీ పుస్తకాల్లోనే కావలసినంత ఉంది. పరదేశిని బాధపెట్టవద్దు, ఐగుప్తులో పరదేశులుగా ఉన్న మీకు వాళ్ళ ప్రాణం ఎలా ఉంటుందో తెలుసు అని నిర్గమకాండమే చెప్తుంది. మతంలోకి వచ్చినవాళ్ళకి వాళ్ళ పాత బతుకు గుర్తు చేసి మాటలతో నొప్పించకూడదని రబ్బీల చర్చల గ్రంథం తల్మూద్ చెప్తుంది. పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే కొత్త యూదుడు, "మా పితరుల దేవా అని నేను ప్రార్థించవచ్చా?" అని అడిగితే గొప్ప యూదు పండితుడు మైమోనిడిస్ అనవచ్చని రాశాడు. నువ్వు అబ్రహాము బిడ్డవే, ఒక్క మాట కూడా మార్చనక్కర్లేదన్నాడు. "మమ్మల్ని ఐగుప్తు నుంచి తెచ్చిన" అన్న చోట మాత్రం, కావాలంటే మార్చుకో, మార్చకపోయినా నష్టం లేదన్నాడు. ఓబద్యాను మూర్ఖుడని తిట్టిన గురువుని కూడా తప్పుపట్టాడు.

నేను ఆ చోట మార్చను. "మమ్మల్ని" అనే అంటాను. అలా అనేటప్పుడు నా మనసులో ఐగుప్తూ ఉంటుంది, మా నాయనమ్మ బావి గట్టూ ఉంటుంది.

పాత బతుకు గుర్తు చేయవద్దన్న ఆ నియమాన్నే చూపించి, అందుకేనమ్మా కులం ఎత్తవద్దన్నది అని ఒకరు నాతో అన్నారు. రెండూ ఒకటి కాదు. నన్ను పొడవడానికి మీరు ఎత్తకూడదు. నేను చెప్పుకోవడానికి నాకు అడ్డు ఉండకూడదు. షవువోత్ పండుగకి మీరంతా రూతు గ్రంథం చదువుతారు కదా. "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అని మొదటి అధ్యాయంలోనే, మోయాబు అనే పరాయి జనంలో పుట్టిన రూతు తన అత్తకి మాట ఇచ్చేసింది. అక్కడితో ఆవిడ ఇజ్రాయేలీయురాలు అయిపోవాలి. కానీ ఆ తర్వాత రెండో అధ్యాయంలో పరిగె ఏరుకుంటున్నప్పుడూ ఆవిడ మోయాబీయురాలైన రూతే. నాలుగో అధ్యాయంలో బోయజు ఊరి పెద్దల ముందు పెళ్ళి మాట చెప్పినప్పుడూ మోయాబీయురాలైన రూతే. మోయాబు జనం పదో తరం దాకా మీ సమాజంలోకి రాకూడదని ద్వితీయోపదేశకాండంలో రాసి ఉండగా, ఆ పేరుని చెరపకుండా, దాచకుండా, దావీదు రాజుకి ముత్తవ్వని చేసి కూర్చోబెట్టారు. మతం పుచ్చుకున్నవాళ్ళు అప్పుడే పుట్టిన బిడ్డతో సమానం అని మీ రబ్బీలు అన్నారు, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ బిడ్డని మోయాబీయురాలని పిలవడం గ్రంథం మానలేదు. నన్ను రెల్లి పిల్ల అంటే మీకు ఇబ్బంది ఏమిటి?

మా నాన్న ఇంకో ప్రశ్న అడిగారు. వెళ్ళేదానివి అంబేద్కర్ గారు చూపించిన దారిలో వెళ్ళొచ్చు కదా అని. న్యాయమైన ప్రశ్న. హిందువుగా చావనని 1935లో యేవలాలో అని, ఇరవై ఒక్క ఏళ్ళు చదివి, ఆలోచించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన బౌద్ధం తీసుకున్నారు. ఆయన నుంచి నేను నేర్చుకున్నది కూడా అదే, చదివి, ఆలోచించి, మనసు ఒప్పిన చోటికి వెళ్ళమని. నాన్న ఇంకేమీ అనలేదు. బీరువా తెరిచి నా కుల ధ్రువీకరణ పత్రం తీసి బల్ల మీద పెట్టారు.

దాని సంగతి కూడా మీకు తెలియాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సి అంటారు. యూదులకి అలాంటి గడి ఏదీ లేదు. 2025లో ఎస్సీలను మూడు గ్రూపులు చేసినప్పుడు రెల్లి ఉపకులాలకి విడిగా 1 శాతం వచ్చింది, తరాల తర్వాత మా పేరు మీద వచ్చిన ఒక్క శాతం అది. మీ మతంలోకి వస్తే నాకు అదీ ఉండదు, అట్రాసిటీ చట్టం అండా ఉండదు. గేటు దగ్గర మనిషి మాత్రం నన్ను వెనక గేటుకే పంపుతాడు. కులం కాగితం మీద పోతుంది, ముఖం మీద పోదు. ప్రభుత్వం నేను రెల్లిదాన్ని కాదంటుంది, మీరు ఆ మాట చెప్పకమ్మా అంటారు. ఇద్దరూ ఒకేసారి అంటే నేను ఎక్కడ నిలబడాలి? చట్టం సంగతి ఢిల్లీతో తేల్చుకోవాల్సినది, అది మీ చేతుల్లో లేదు. రెండోది మీ చేతుల్లో ఉంది.

ఇజ్రాయెల్ వెళ్ళిపోవడానికే అని మా వీధిలో కొందరు అంటున్నారు. నా ఉద్యోగం ఇక్కడ, నాయనమ్మ ఇక్కడ. వెళ్ళను.

నేను అడిగేవి ఇవి. దరఖాస్తులో నా తల్లిదండ్రుల కులం నేను రాసినట్టే ఉంచండి. నన్ను ప్రశ్నలు అడిగేటప్పుడు దాని గురించి సిగ్గుపడకుండా అడగండి, సిగ్గుపడకుండా చెప్తాను. ప్రార్థన హీబ్రూలో నేర్చుకుంటున్నాను, కానీ ముఖ్య ప్రార్థన షెమా ఏ భాషలో చెప్పినా చెల్లుతుందని తల్మూద్‌కి మూలమైన మిష్నా అంది కాబట్టి తెలుగులో చెప్పినప్పుడు వింతగా చూడవద్దు. నా తర్వాత మా వాళ్ళలో ఎవరైనా వస్తే, ఫోన్ పెట్టేసే ముందు ఆ ఒక్క మాట చెప్పకండి.

ఇంకొకటి, వీలైతే. నన్ను మీ ఊరు రమ్మంటే వస్తాను. కానీ సముద్రం మిక్వేగా చెల్లుతుందని చదివాను. మీరు ముగ్గురూ విశాఖ రాగలిగితే మంగమారిపేట దగ్గర తెల్లవారుజామున జనం ఉండరు, నీళ్ళు తేటగా ఉంటాయి. బీచ్ రోడ్డు మీద బస్సు దిగితే నాలుగడుగులు. నాతో పాటు నీళ్ళలోకి దిగే ఆడమనిషిని మీరు పంపండి. ఒడ్డున నా తువ్వాలు పట్టుకుని నాయనమ్మ కూర్చుంటానంది. "ఆ నీళ్ళకి గట్టు లేదు కదా, నానూ వత్తాను" అంది. ఆవిడకి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. మీరు వచ్చినప్పుడు ముందు ఆవిడకి నమస్కారం పెట్టి, ఆవిడ ఎవరో, ఏ వీధో అడగండి. ఆవిడ గట్టిగానే చెప్తుంది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

రెల్లి వీధి ఆడపడుచు
విశాఖపట్నం